రంగు పోయిందా, రేకు పోయిందా?

మేస్త్రి బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, జానెడు మేర లాగి, తీసి చూపించాడు. చేతినిండా లేత ఎరుపు పొడి. సున్నం కొట్టిన గోడకి వీపు ఆనించి లేచినవాడి చొక్కా గుర్తొచ్చింది నాకు.

"బండి పోలా సార్. రంగు చచ్చింది. రెండూ ఒకటి కాదు" అన్నాడు, లుంగీకి చెయ్యి తుడుచుకుంటూ.

సింగరాయకొండ నుంచి కందుకూరు వెళ్ళే రోడ్డు పక్కన రేకుల షెడ్డు అది. ఓ మూల విప్పిన బొలేరో తలుపు, ఇంకో మూల పుట్టీ పూసి ఎండబెట్టిన ఆటో ముఖం, వేపచెట్టు కొమ్మకి చుట్టిన గాలి గొట్టం. మధ్యలో మా మారుతి 800. 1998 మోడలు, ఏపీ 27 నంబరు. నాన్న 2004లో ఒంగోలులో సెకండ్ హ్యాండులో కొన్నారు. కొన్ననాడు అది కల్లంలో పోసిన తేజ మిరపకాయ రంగు. ఇప్పుడు టాపు గులాబీకి, బానెట్టు ఇటుకపొడికి దిగాయి. తలుపుల కింద భాగం మాత్రం ఇంకా పాత ఎరుపు మీదే మొండిగా నిలబడి ఉంది. మా వీధిలో దానికి పేరు కూడా పెట్టేశారు: తాలుకాయ కారు.

మిరప పండే నేలకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెప్పాలంటే, రంగు మాడి తెల్లబోయిన కాయని తాలు అంటారు. గుంటూరు యార్డులో దాని కుప్ప వేరు, దాని ధర వేరు.

ఇంట్లో రెండు పార్టీలు. ఫుల్ బాడీ పెయింటు కొట్టించేద్దామని మా బావ. అదీ బూడిద రంగు మెటాలిక్‌లో. "ఇప్పుడెవడు తిరుగుతున్నాడు బావా ఎర్ర కార్లో" అని ఆయన వాదం. అమ్మ ఒక్క ముక్కే అంది: "ఎరుపే ఉంచండి నాయనా, కొండ కింద ఆగిన బళ్ళలో మన బండి వెతుక్కోడం తేలిక." సింగరాయకొండ వరాహ లక్ష్మీ నరసింహస్వామి గుడికి వెళ్ళినప్పుడల్లా ఆమెకి ఎదురయ్యే సమస్య అది. నేను ఏ పార్టీలోనూ చేరలేదు. పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు నిండిన బళ్ళు ఈ చుట్టుపక్కల ప్రతి రెండో వాకిట్లో ఉన్నాయి. అందరిదీ ఇదే తగువు. తగువు తీర్చేముందు అసలు పోయిందేమిటో తెలుసుకోవాలనిపించింది.

ఎండ తిన్న ఎరుపు

రంగు అంటే మనం ఒక్కటనుకుంటాం గానీ అందులో ఇద్దరున్నారు. ఒకటి రంగునిచ్చే పొడి, పిగ్మెంటు. రెండోది ఆ పొడిని రేకుకి పట్టి ఉంచే జిగురు, బైండరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ముందు జిగురు మీద పడతాయి. ఏళ్ళ తరబడి పడగా పడగా పై పొరలో జిగురు తెగి, పొడి ఒంటరిదైపోతుంది. మేస్త్రి అరచేతికి అంటింది ఆ అనాథ పొడే. తెల్ల కార్లలో ఈ జబ్బు ఇంకో దారిలో వస్తుంది. తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడే ఎండ తగిలినప్పుడు తన చుట్టూ ఉన్న జిగురుని తినడం మొదలుపెడుతుంది. అందుకే కంపెనీలు ఆ రేణువులకి సిలికా, అల్యూమినా తొడుగులు వేసి వాడతాయి.

ఎరుపుది మరీ సున్నితమైన ప్రాణం. మెరిసే ఎరుపులు చాలావరకు కర్బన అణువులతో చేసినవి. ఆ అణువు విరిగితే రంగే పోతుంది. మిరపకాయలో జరిగేదీ దాదాపు ఇదే. వెలుతురూ గాలీ కలిసి కాయ ఎరుపుని విరిచేస్తాయి. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు లేచిందీ, బస్తాల్ని చీకట్లో చల్లగా దాచేదీ ధర కోసమొకటే కాదు, రంగు కోసం కూడా. కారుని కోల్డ్ స్టోరేజీలో పెట్టలేం. వాకిట్లో రేకు నీడ కూడా లేకుండా పదేళ్ళు రోహిణీ కార్తెకి అప్పగించాం.

అయితే ఎర్రవన్నీ ఇలా పోవు. సంక్రాంతికి అరుగులకి పూసే జేగురు చూడండి, అది ఇనుప ఆక్సైడు. ఎండ దాన్ని ఏమీ చెయ్యలేదు. సింగరాయకొండ స్టేషన్లో ఆగే పాత గూడ్సు పెట్టెల రంగు కూడా ఆ కోవదే. కాకపోతే ఆ ఎరుపులో కారు కొనుక్కునేవాడు ఎవడూ ఉండడు.

ఇక్కడే మొదటి పరీక్ష. పాత తెల్ల గుడ్డ మీద కాస్త పాలిష్ వేసి కారుని ఓ మూల రుద్దితే, గుడ్డకి కారు రంగు అంటుకుందా? అంటితే అది ఒకే పొర పెయింటు. పైన పారదర్శకమైన లాకరు లేదు. చచ్చింది పైపైనే కాబట్టి దాన్ని తీసేస్తే కింద బతికున్న రంగు ఉంటుంది. గుడ్డ తెల్లగానే ఉండి, కారు మీద మాత్రం పొక్కులు లేచి, పాము కుబుసంలా పెచ్చులు ఊడుతుంటే, అది బేస్ కోటు మీద క్లియర్ కోటు వేసిన కొత్త తరహా పెయింటు, పోయింది క్లియరు. పెచ్చులూడిన క్లియరుని బాగుచేసే పాలిష్ ఈ లోకంలో లేదు. ఆ ప్యానెల్‌కి మళ్ళీ రంగు కొట్టాల్సిందే. ఇంత చిన్న సంగతి తెలియక వేలకి వేలు పాలిష్‌లకి తగలేసినవాళ్ళని నేను చూశాను.

మా కారు గుడ్డని ఎర్రగా చేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

చీమకుర్తి పాఠం

పాలిష్ అంటే ఏదో పూస్తారని మనలో చాలామంది అనుకుంటారు. చీమకుర్తి మనిషినడిగితే నవ్వుతాడు. ఒంగోలుకి దగ్గర్లోని ఆ క్వారీల నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ రాయి, నలుపులో బంగారు చుక్కల రాయి, దేశదేశాల్లో నేలలకి, వంటింటి గట్లకి పరుచుకుంది. క్వారీలో అది మామూలు మొద్దు నల్లరాయిలానే కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో ముందు గరుకు రాళ్ళతో, తర్వాత నున్నటివాటితో, ఇంకా నున్నటివాటితో అరగదీస్తూ పోతారు. పెద్ద గీతల్ని చిన్న గీతలు తినేస్తాయి, చిన్నవాటిని ఇంకా చిన్నవి. చివరికి మన కంటికి ఆనని గీతలు మిగులుతాయి. అప్పుడు వెలుతురు చెదరకుండా తిరిగొస్తుంది. ఆ తిరిగి రావడమే మెరుపు.

కారుకీ అదే లెక్క. వాటర్ పేపరు 1500, 2000, 3000, ఆపైన రబ్బింగు కాంపౌండు, ఆఖరున పాలిష్. తేడా ఒక్కటే. గ్రానైటు పలక అంగుళాల లెక్క, కారు రంగు మైక్రాన్ల లెక్క. ఫ్యాక్టరీలో వేసిన పొరలన్నీ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70కి అటూ ఇటూ. అంటే రెండు వెంట్రుకల మందంలో తుప్పు నుంచి కాపాడే పొర, నున్నచేసే పొర, రంగు పొర, అన్నీ ఉన్నాయన్నమాట. మెషీన్‌తో గట్టిగా ఒకసారి కట్ చేస్తే అందులో కొన్ని మైక్రాన్లు గాల్లో కలిసిపోతాయి. క్లియర్ కోటు బళ్ళలో ఇంకో చిక్కు: ఎండని ఆపే రసాయనం కూడా ఆ క్లియర్లోనే ఉంటుంది. ఏడాదికోసారి పండగకి "రబ్బింగ్ పాలిష్" చేయించేవాళ్ళు, మెరుపు కోసం ఆయుష్షు అమ్ముకుంటున్నారు. అంచులు, మడతలు, బానెట్టు మధ్య గీత, ఇక్కడ పొర మరీ పల్చన. ముందు ప్రైమరు బయటపడేది అక్కడే.

మా మేస్త్రి బానెట్టుకి నిట్టనిలువునా మాస్కింగ్ టేపు అంటించాడు. ఎడమ సగం అట్లాగే వదిలి, కుడి సగం మీద చేత్తో, మెషీన్ కాదు, చేత్తో మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు. గుడ్డలు మారాయి, టీ వచ్చింది, పక్క షెడ్డు కుర్రాడొచ్చి నిలబడ్డాడు. టేపు పీకితే ఇటు తాలు, అటు తేజ. పాతికేళ్ళ కిందటి ఎరుపు ఆ సగంలో ఎక్కడ దాక్కుందో అర్థం కాలేదు.

"ఏంది సార్ మాట్లాడరు?"

ఏం మాట్లాడను. బావకి ఫోటో పంపాను. "సగం బాగుంది" అని జవాబు.

ఇక్కడో పిడకల వేట. పాత బళ్ళ బ్రోకర్లు బేరానికి ముందు డీజిలో, కిరసనాయిలో, కొబ్బరినూనో గుడ్డతో రాసి కారుని తళతళలాడిస్తారు. నూనె ఆ సన్నగీతల్లో నిండి మెరుపు భ్రమ కల్పిస్తుంది. రెండురోజుల్లో హైవే దుమ్మంతా దానికి అతుక్కుంటుంది. ఏ బండైనా ఎండలో, ఒకసారి కడిగించాక చూడాలి. సాయంత్రం ట్యూబ్ లైటు కింద చూసి కొన్న కారు, పెళ్ళిచూపుల్లో పౌడరు చూసి ఖాయం చేసుకున్న సంబంధం.

ఉప్పు గాలి

ఇంతవరకూ రంగు సంగతి. సింగరాయకొండలో అసలు శత్రువు వేరే. పాకల సముద్రం పక్కనే ఉంది. సాయంత్రం గాలి తిరిగితే పెదాల మీద ఉప్పు తగిలే ఊళ్ళివి. ఆ ఉప్పే రాత్రి మంచుతో కలిసి రేకు మడతల్లోకి దిగుతుంది. ఇనుము ఊరికే తుప్పు పట్టదు. నీరూ గాలీ కావాలి. ఉప్పు తోడైతే నీటిలో కరెంటు పారడం తేలికై ఆ పని తొందరగా సాగుతుంది. రాయి తగిలి లేచిన ఆవగింజంత పెచ్చు చాలు, తుప్పు రంగు కిందుగా పాక్కుంటూ పోతుంది. పైన బుడగ కనిపించేసరికి కింద పావలా కాసంత చిల్లు పడి ఉంటుంది.

బోరు నీళ్ళ సంగతి చెప్పకపోతే ఈ కథనం మన ప్రాంతానిది కాదు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడు, తీరం వైపు ఉప్పదనం, ఎక్కడ చూసినా గట్టి నీళ్ళు. ఎండలో కారు కడిగి అలా వదిలేస్తే, నీరు ఆవిరై అందులోని సున్నం చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. స్టీలు బిందెకి అడుగున పట్టే తెల్ల పొరే ఇది. కొత్త మరకైతే నీళ్ళు కలిపిన వెనిగరుతో తుడిచి వెంటనే కడిగేస్తే పోతుంది. నెలలు గడిస్తే రంగులోకి దిగి గుంట చేస్తుంది. కాకి రెట్టా అంతే, వేపబంకా అంతే. కొత్త బండి పూజలో బానెట్టు మీద పెట్టిన పసుపు స్వస్తిక్ నాలుగు రోజులు ఎండలో ఉంచితే ఏమవుతుందో చాలామందికి అనుభవం. దేవుడి గుర్తని ఎవరూ తుడవరు, ఆ తర్వాత అది తుడిచినా పోదు.

ఉదయాన్నే డ్రైవర్లు కుచ్చుతో పొడి దుమ్ము దులపడం చూస్తుంటాం. దుమ్ములో ఉన్నది ఇసుక. పొడి గుడ్డతో తుడవడమంటే ఇసుక కాగితంతో రుద్దడమే. ఎండలో నిలబెట్టి బానెట్టు వైపు చూస్తే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తాయే, వాటి పుట్టిల్లు అదే. కవరు కప్పినా, లోపల దుమ్ముంటే గాలికి కవరు ఊగి అదే పని చేస్తుంది. పైగా సముద్రపు తడిని లోపలే పట్టి ఉంచుతుంది. రేకుల నీడ, రెండు బక్కెట్ల మంచినీళ్ళు, ఇంతకి మించిన కోటింగు నాకు తెలియదు. సెరామిక్ కోటింగు అమ్మేవాళ్ళు కోప్పడతారేమో. అది మంచి వస్తువే, కొత్త రంగు మీద. చచ్చిన రంగు మీద వేస్తే శవానికి పట్టుబట్ట.

తుప్పు వెతకడానికి మేస్త్రి దగ్గర పెద్ద యంత్రాలేమీ లేవు. పాత స్పీకరు నుంచి పీకిన అయస్కాంతం ఒకటి, దానికి చుట్టిన గుడ్డ. తలుపు కింద నుంచి అంగుళం అంగుళం జరుపుకుంటూ పోయాడు. ఎడమ వైపంతా టకటకా అతుక్కుంది. కుడివైపు రన్నింగ్ బోర్డు దగ్గర జారిపోయింది. వేలి కణుపుతో కొట్టాడు. కుండ కొట్టి చూసినట్టే. ఖంగుమనాల్సిన చోట మొద్దుగా పలికింది.

"ఇక్కడ రేకు లేదు సార్. పుట్టీ ఉంది. మీకు ముందు వాడెవడో గుట్టు చేశాడు."

స్క్రూ డ్రైవరు మొనతో పొడిస్తే వేలెడు లోతు దిగింది. ఇరవయ్యేళ్ళ కిందట మాకు అమ్మినవాళ్ళు చిల్లులో గుడ్డపేలికలు కుక్కి, పైన పుట్టీ రాసి, దాని మీద ఎరుపు కొట్టారు. పుట్టీ తడిని పీల్చి దాచుకుంది. మేం దాన్ని ఏటా కడిగి, పసుపు బొట్టు పెట్టాం.

కాబట్టి ప్రశ్న మూడు మెట్లది. రంగు పోయిందా? రుద్ది బతికించు. పొర పోయిందా? ఆ ప్యానెల్‌కి మాత్రం కొట్టు. రేకు పోయిందా? అప్పుడు రంగు గురించి మాట్లాడటమే దండగ, ముందు కోసి కొత్త రేకు అతకాలి. మన ఊళ్ళలో జరిగే ఫుల్ బాడీ పెయింట్లలో చాలా వాటికి మొదటి మెట్టు జబ్బే ఉంటుంది, మూడో మెట్టు వైద్యం జరుగుతుంది. లేదంటే మూడో మెట్టు జబ్బుకి మొదటి మెట్టు వైద్యం. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే అది రెండేళ్ళు అందంగా కనిపిస్తుంది.

షెడ్డుకి రాని రంగు

ఫ్యాక్టరీ రంగుని ఎందుకింత పట్టుకు వేలాడాలి? కొత్తది కొడితే ఇంకా బాగుంటుంది కదా, అని బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

ఫ్యాక్టరీలో కారుకి రంగు వేసేటప్పుడు అది ఇంకా కారు కాదు. సీట్లు, వైర్లు, అద్దాలు, రబ్బర్లు ఏవీ లేని ఒట్టి రేకు డొక్కు. దాన్ని మొత్తంగా రసాయనాల తొట్టిలో ముంచుతారు. కరెంటు పారించి ప్రైమరుని ప్రతి మూలకీ, తలుపు లోపలి గూళ్ళకి కూడా పట్టిస్తారు. తర్వాత 150 డిగ్రీలు దాటిన పొయ్యిలో కాలుస్తారు. పై రంగునీ ఆ దరిదాపుల్లోనే కాలుస్తారు. పచ్చికుండకీ ఆవంలో కాలిన కుండకీ ఉన్న తేడా అది. షెడ్డులో మనం తీసుకొచ్చేది వైర్లూ ప్లాస్టిక్కులూ అద్దాలూ ఉన్న కారు. దాన్ని అంత వేడి చేస్తే డ్యాష్‌బోర్డు అప్పడమవుతుంది. మంచి బూత్ ఉన్న పెద్ద వర్క్‌షాపుల్లో కూడా 60, 80 డిగ్రీలే. రోడ్డు పక్క షెడ్డులో సూర్యుడే పొయ్యి. ఇప్పటి టూ-కె పెయింట్లు హార్డెనరు కలపడం వల్ల రసాయనికంగానే గట్టిపడతాయి, బాగా వేస్తే ఏళ్ళు నిలుస్తాయి. కానీ ఆ మొదటి ముంచుడు మళ్ళీ రాదు. ఫుల్ పెయింటు కోసం దాన్ని రేకు దాకా గీకేస్తే, కారు పుట్టినప్పుడు తొడిగిన కవచం ఊడదీసినట్టే.

హార్డెనరు మాట వచ్చింది కాబట్టి ఒక మాట. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. పీలిస్తే ఉబ్బసం తెప్పించగలవు, ఒకసారి ఒంటికి పడకపోతే ఇక జన్మంతా పడవు. మా మేస్త్రి ముఖానికి కట్టుకునేది తుండుగుడ్డ. కార్బన్ ఫిల్టరు ఉన్న మాస్కు ఖరీదు ఒక కారు పాలిష్ ఖర్చుకంటే తక్కువ. పని చేయించేవాళ్ళం మనమే కొనిస్తే తప్పేమీ లేదు.

ముసురు రోజుల్లో ఆయన పెయింటు ముట్టడు. పాత లాకరు రోజుల నుంచి వచ్చిన పట్టింపు అది. తిన్నరు ఆవిరవుతూ రేకుని చల్లబరుస్తుంది; గాలిలో తడి దాని మీద చేరుతుంది; రంగు తెల్లగా పాలిపోతుంది. ఆ లాకరుకీ ఓ చరిత్ర ఉంది. వందేళ్ళ కిందట కార్లకి బ్రష్షుతో వార్నిషు వేసేవాళ్ళు, అన్ని పొరలూ ఆరడానికి వారాలు పట్టేది. ఫోర్డు మోడల్ టి 1914 నుంచి 1925 దాకా నలుపు తప్ప ఇంకో రంగులో రాలేదు. 1923లో డ్యూపాంట్ కంపెనీ 'డ్యూకో' అనే నైట్రోసెల్యులోజ్ లాకరు తెచ్చింది. గంటల్లో ఆరుతుంది, ఏ రంగైనా కలుస్తుంది. జనరల్ మోటార్స్ వాళ్ళ ఓక్లండ్ కారు నీలిరంగులో రోడ్డెక్కింది ఆ డ్యూకోతోనే. కారు కంపెనీలు దాన్ని ఎప్పుడో వదిలేశాయి. మన వడ్రంగి షాపుల్లో మాత్రం టేకు మంచానికి ఇప్పటికీ "డ్యూకో" కొట్టమంటున్నాం.

మొదటి మారుతి

ఈ ఎర్ర డబ్బా మీద ఇంత ఆలోచన అవసరమా అని నాకే అనిపించింది. దీని అక్కగారి కథ చదివాక ఆ సందేహం తగ్గింది.

1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు అందుకున్నది ఢిల్లీకి చెందిన హర్పాల్ సింగ్. కారు ధర 47,500 రూపాయలు. తెల్ల కారు, డీఐఏ 6479. ఆయన దాన్ని 2010లో చనిపోయే దాకా అట్టేపెట్టుకున్నారు. తర్వాత అది ఇంటి ముందు వీధిలో తుప్పు పడుతూ నిలబడింది. ఆ ఫోటోలు దేశమంతా తిరిగాయి. చివరికి కంపెనీయే దాన్ని తీసుకుపోయి బాగుచేసి, మళ్ళీ తెల్లగా మెరిపించి, 2022 నాటికి తన ప్రధాన కార్యాలయంలో నిలబెట్టింది. అక్కడ పాత రంగు కాపాడాలా వద్దా అన్న చర్చకి చోటే లేదు. రేకే పోయింది. రేకు పోయాక కొత్త రంగు తప్పు కాదు, తప్పనిసరి.

మరోవైపు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం కోసం చేయించిన 1912 నాటి బండి. చాలా తక్కువ దూరం తిరిగి, దశాబ్దాలు షెడ్డులో మగ్గి, మళ్ళీ వెలుగులోకి వచ్చింది. అంత ఘనమైన బళ్ళ విషయంలో ప్రపంచం ఈమధ్య మనసు మార్చుకుంటోంది. ఒకప్పుడు అమెరికాలో పెబుల్ బీచ్ పోటీకి వచ్చే ప్రతి పాత కారూ పెళ్ళికూతురులా తయారై రావాల్సిందే. 2001 నుంచి అక్కడ రంగు వెలిసి, తోలు పగిలి, పుట్టినప్పటి ఒంటితో వచ్చే కార్లకి విడిగా ఒక తరగతి పెట్టారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2013లో టురిన్ చార్టరు ఆమోదించింది. పాత కట్టడాల్ని చూసినట్టే పాత బండినీ చూడమంటుంది అది, తప్పనిసరైనంతే ముట్టుకోమంటుంది.

గుళ్ళ విషయంలో మనకి ఈ సంగతి బాగా అర్థం కావాలి. శిల్పాల మీద ఆయిల్ పెయింటు కొట్టించి, తర్వాత దాన్ని గీకించడానికి నానా తంటాలు పడ్డ గుళ్ళు మన రాష్ట్రంలో తక్కువేం లేవు.

మారుతి 800 రోల్స్ రాయిస్ కాదు, ఒప్పుకుంటాను. 2014 మొదట్లో తయారీ ఆగిపోయినా, రోడ్ల మీద ఇంకా బోలెడున్నాయి. ఈ కారుని పురావస్తువు చెయ్యాలని నాకు లేదు. మార్కెట్టు లెక్క కూడా ఇటే మొగ్గుతుంది. పాత కారు కొనేవాడు వెలిసిన రంగు చూసి వెయ్యి రెండువేలు తగ్గించమంటాడు. మొత్తం కొత్త పెయింటు చూస్తే అనుమానపడతాడు: ఎక్కడో గుద్దించారు, దాస్తున్నారు. కారు మొత్తం విలువకి దగ్గరదగ్గరగా డబ్బు పోసి రంగు కొట్టించి, ఆ అనుమానం కొనుక్కోవడం ఏం తెలివి?

కాగితాల సంగతి

బావ బూడిద రంగు కలని చంపింది మాత్రం ఇవేవీ కాదు, ఆర్సీ. అందులో రంగు రాసి ఉంటుంది. రంగు మారిస్తే మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా కార్యాలయంలో చెప్పి ఆర్సీలో మార్పించుకోవాలి, ఇన్సూరెన్సు వాళ్ళకీ తెలపాలి. ఆలివ్ గ్రీన్ అయితే సైన్యానికి తప్ప ఎవరికీ కుదరదు, కేంద్ర నిబంధనల్లోనే ఉంది. ఏ రంగులో ఉందో అదే రంగు మళ్ళీ కొడితే ఈ తిరుగుడు లేదు.

వయసు ఖర్చు వేరే. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకి, ఆపైన అయిదేళ్ళకోసారి కొత్తది చేయించాలి. మా బండికి 2013, 2018, 2023 దాటాయి, తర్వాతది 2028. ఆ రుసుము 600 ఉండేది. 2022 ఏప్రిల్లో 5,000 అయింది. 2025 ఆగస్టు నుంచి ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకి 10,000. ఢిల్లీలోలా వయసు చూసి రోడ్డెక్కొద్దనే నిషేధం మనకి లేదు. యాభై ఏళ్ళు నిండితే వింటేజ్ హోదా, నంబరులో 'వీఏ' అక్షరాలు. ఆ లెక్కన మా తాలుకాయ 2048లో రాణిగారవుతుంది. పరీక్షకి వెళ్ళినప్పుడు ఇన్స్పెక్టరు రన్నింగ్ బోర్డు కింద చెయ్యి పెట్టి చూస్తాడు కానీ బానెట్టు మీద తన ముఖం చూసుకోడు.

చివరికి మేస్త్రి తేల్చింది ఇది. కుడి రన్నింగ్ బోర్డు కోసి కొత్త రేకు వెల్డింగు. ఆ వైపు తలుపులకి నల్ల బీడింగు కింద భాగం మాత్రం పెయింటు. టాపు మీద ఎరుపు అరిగి అక్కడక్కడ బూడిద ప్రైమరు కనిపిస్తోంది, కాబట్టి టాపు మొత్తం పెయింటు. మిగిలిందంతా చేత్తో పాలిష్.

"పాత ఎరుపు పక్కన కొత్త ఎరుపు తేడా కొట్టదా?" అన్నాను. ఇంజను గదిలో ప్లేటు మీద రంగు కోడు ఉంటుంది, ఒంగోలులో మెషీన్ మీద కలిపిస్తారు. కానీ కోడు చెప్పేది 1998 నాటి ఎరుపు. పాతికేళ్ళ ఎరుపు వేరు.

ఆయన నా చెయ్యి పట్టుకుని టాపు అంచున వాన కాలవ మీద పెట్టాడు. "ఇదుందిగా సార్. టాపు యాడ ఆగిందో, తలుపు యాడ మొదలైందో మజ్జన ఈ కాలవ. కింద బీడింగు. అంచు దొరికిన చోట ఆపితే కన్ను పట్టదు. అంచు లేనిచోట ఆపితే గుడ్డోడు కూడా పడతాడు."

ముప్పయ్యేళ్ళు రేకు కొట్టిన చెయ్యి అది. ఏ పుస్తకంలోనూ నాకీ మాట దొరకలేదు.

ఎడమ వెనక తలుపు మీద ఓ వంకర గీత ఉంది. ఓ సంక్రాంతికి, అలంకారం చేసిన ఎద్దు పక్కగా నడుస్తూ కొమ్ము తగిలించింది. ప్రైమరు దాకా వెళ్ళింది గానీ రేకు తేలలేదు. దాన్ని కూడా కలిపేస్తానన్నాడు మేస్త్రి, పైసా తీసుకోకుండా. సన్నటి బ్రష్షుతో తుప్పు రాకుండా ఓ చుక్క టచప్ మాత్రం పెట్టమన్నాను.

పని పదకొండు రోజులు పట్టింది, అందులో మూడు మబ్బు రోజులు. బండి ఇస్తూ ఆయన వేళ్ళు మడిచి చెప్పాడు: కొత్త పెయింటు లోపల తిన్నరు ఇంకా ఊపిరి తీసుకుంటుంటుంది, నెల దాకా మైనం పెట్టొద్దు, సిలికాన్ పాలిష్ అసలే వద్దు, కవరు కప్పొద్దు, వేపచెట్టు కింద ఆపొద్దు.

బావ నిన్న సాయంత్రం వచ్చి టాపు మీద వేలు పెట్టబోయాడు. అమ్మ చెయ్యి మీద ఒక్కటేసింది. ఈ ఆదివారానికి పందొమ్మిదో రోజు.